నేను తినని సమను

ఆ మార్చి నెలంతా మా కింది వాటాలో ఉండే ఇరానీ కుటుంబం ఇల్లు కడుగుతూనే ఉంది. తివాచీలు బాల్కనీలో వేసి దులిపారు, కర్టెన్లు ఉతికారు, ఆఖరికి ఇంటావిడ బల్బులు కూడా ఊడదీసి తుడిచింది. వసంతం మొదలయ్యే రోజే వాళ్ళకు కొత్త సంవత్సరమనీ, దాన్ని నౌరూజ్ అంటారనీ మా అమ్మాయి చెప్పింది. క్రిస్మస్ ముందు మా ఊళ్ళో గోడలకు సున్నాలు వేసే సందడి గుర్తొచ్చి, నాకు ఆవిడంటే ఇష్టం కలిగింది.

నేను జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌కి వచ్చింది అమ్మాయి కోసం. ఐదో నెలలో కొంచెం రక్తం కనబడితే డాక్టరు మంచం దిగవద్దన్నారు. అల్లుడు కార్ల ఫ్యాక్టరీకి వెళ్తే సాయంత్రానికి గాని రాడు. పగలంతా మేమిద్దరమే. నాకు జర్మన్ రాదు, ఇంగ్లిషూ అంతంత మాత్రం. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల బడికి పోలేదు. అమ్మే ఇంట్లో పలక మీద అక్షరాలు దిద్దించి, బైబిలు చదవడం నేర్పింది. దేనికైనా ముందు స్తోత్రం చెప్పుకోవడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆ చలిదేశంలో కుళాయి తిప్పగానే వేడినీళ్ళు వస్తే స్తోత్రం, అమ్మాయి రెండు ముద్దలు తింటే స్తోత్రం. అలాంటి నోటితో నేను చేసిన పని ఇది.

పండగ రోజు మధ్యాహ్నం ఆవిడ వచ్చి నన్ను చెయ్యి పట్టుకొని కిందికి తీసుకెళ్ళింది. హాల్లో బల్ల మీద పూల గుడ్డ పరిచి, నడుమ అద్దం నిలబెట్టి, రెండు పక్కలా కొవ్వొత్తులు వెలిగించారు. ముందు యాపిల్ పళ్ళు, వెల్లుల్లి, ఒక గిన్నెలో వెనిగర్, నాణేలు, రంగులు వేసిన కోడిగుడ్లు, ఎర్ర రిబ్బను కట్టిన గోధుమ మొలకల పళ్ళెం. వాళ్ళ భాషలో 'స' అక్షరంతో మొదలయ్యే వస్తువులు ఏడు ఉండాలట. అది అమ్మాయి తర్వాత చెప్పిన మాట. ఆవేళ నాకేమీ తెలియదు. ఆవిడ, భర్త, ఎదిగిన కూతుళ్ళిద్దరూ బల్ల చుట్టూ కూర్చుని, కొత్త సంవత్సరం వచ్చే క్షణం కోసం ఫోనులో సెకన్లు చూసుకుంటున్నారు. ఆవిడ కళ్ళు మూసుకొని పెదవులు కదిపింది. అద్దం ముందు, దీపాల ముందు. ఇది పూజే అనుకున్నాను.

సమయం కాగానే అందరూ లేచి ముద్దులు పెట్టుకున్నారు. నాకూ పెట్టారు. అప్పుడావిడ కొవ్వొత్తుల మధ్య నుంచి ఒక చిన్న గిన్నె తీసింది. అందులో హల్వాలా గోధుమరంగులో ఏదో ఉంది. మూత పెట్టి నా చేతుల్లో ఉంచి, పైకి చూపించి, తన పొట్ట మీద చెయ్యి వేసుకొని చూపించింది. అమ్మాయికని. నేను రెండు చేతులా అందుకొని, నవ్వి, 'డాంకె' అని థాంక్స్ చెప్పాను.

మా చిన్నప్పుడు పక్కింటి వాళ్ళు పూజ చేసుకొని ప్రసాదం తెచ్చేవారు. అమ్మ రెండు చేతులా తీసుకొని, నవ్వి, వాళ్ళ పిల్లల బాగోగులు అడిగి, వాళ్ళు గేటు దాటాక పెరట్లో కోళ్ళకు వేసేది. విగ్రహం ముందు పెట్టింది మనం తినకూడదనేది. వాళ్ళనీ నొప్పించలేదు, దేవుణ్ణీ నొప్పించలేదు అని తృప్తి పడేది. మెట్లెక్కుతుంటే నాకు ఆ తృప్తే గుర్తొచ్చింది. అందులోనూ కడుపుతో ఉన్న పిల్ల.

అమ్మాయి నిద్రపోతోంది. వెనక మెట్ల దారిన దిగి, గిన్నెలోది గోధుమరంగు చెత్తడబ్బాలో పారబోశాను. తిండి పదార్థాలు వేసే ఆ డబ్బా ఏదో నాకు చూపించి, 'బయోటోన్న' అని పేరు నేర్పింది కూడా ఆవిడే. గిన్నె తోమి, ఖాళీగా ఇవ్వకూడదు గనుక ఊరి నుంచి తెచ్చిన జీడిపప్పు పోసి ఇచ్చి వచ్చాను. ఆ సాయంత్రం ప్రార్థనలో మంచి పొరుగును ఇచ్చినందుకు స్తోత్రం చెప్పాను, శోధన నుంచి తప్పించినందుకూ చెప్పాను. రెండూ ఒకే ఊపిరిలో.

నాలుగోరోజు అమ్మాయికి డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. బిడ్డ బాగుంది, ఇక మెల్లగా నడవచ్చన్నారు. ఆ కబురు విని ఆవిడ పైకి వచ్చి అమ్మాయిని కావలించుకుంది. తర్వాత జర్మన్‌లో గబగబా ఏదో చెబుతూ చేతులతో గరిట తిప్పినట్టు చూపించింది. అమ్మాయి నా వైపు తిరిగింది.

"అమ్మా, సమను అంట. గోధుమ మొలకలు రుబ్బి, ఆ పాలు పొద్దున్నుంచీ కలుపుతూనే ఉండాలంట. కలిపేవాళ్ళు మనసులో ఏదన్నా కోరుకుంటారంట. ఆంటీ నా బిడ్డ నిలవాలని కోరుకుంటా కలిపిందంట. గిన్నెలో ఇచ్చింది ఎలా ఉందీ అని అడుగుతోంది. ఏ గిన్నెమ్మా? నాకు పెట్టలేదే!"

ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది.

"బాగుందని చెప్పవే."

"నేను తినందే ఎలా చెప్పను?"

"చెప్పు తల్లీ. తిన్నాం, చాలా బాగుందని చెప్పు."

చెప్పింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా రెండు చెంపలూ ముద్దు పెట్టుకొని వెళ్ళింది.

తలుపు వేశాక అమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది. "మొత్తం నువ్వే లాగించేశావా? నాకో చెంచా అన్నా ఉంచలేదూ! షుగరు గుర్తుందా నీకు?"

"తినలేదమ్మలూ. దీపాల ముందు పెట్టింది గదా అని..."

అది ముందు నవ్వింది. "కోళ్ళకి వేశావా? ఇక్కడ కోళ్ళెక్కడివే నీకు?"

"బయోటోన్నలో."

నవ్వు ఆగిపోయింది. "అమ్మమ్మ వేస్తే కోళ్ళన్నా తినేవి," అని లోపలికి వెళ్ళి పడుకుంది.

తర్వాత రోజుల్లో ఆవిడ మెట్ల మీద కనబడితే నేను వెనక్కి తిరిగేదాన్ని. ప్రార్థనకు మోకరిస్తే స్తోత్రం అనే మాట దగ్గరే ఆగిపోయేదాన్ని. నా బిడ్డ కోసం ఒకావిడ పొద్దంతా పొయ్యి దగ్గర నిలబడితే, ఆమె దేవుణ్ణి ఏ పేరుతో పిలిచిందో అడగకుండానే తీర్పు చెప్పేశాను. పైగా అబద్ధం ఆడాను. అదీ కడుపుతో ఉన్న పిల్ల నోటితో ఆడించాను.

పండగ పదమూడో రోజున వాళ్ళెవరూ ఇంట్లో ఉండరట, పచ్చిక మీదికి వెళ్తారట. మమ్మల్నీ పిలిచారు. డాన్యూబ్ నది ఒడ్డున దుప్పట్లు పరిచి, ఫ్లాస్కుల్లో టీ, గిన్నెల్లో అన్నం, ఆకుకూరలు. వాళ్ళ ఆనవాయితీ ప్రకారం మొలకలు నీళ్ళలో వదలడానికి ఆ కూతుళ్ళు పళ్ళెం తీసుకొని నది వైపు వెళ్ళారు. అల్లుడూ, ఆవిడ భర్తా అవతల కార్ల గురించి మాట్లాడుకుంటున్నారు. దుప్పటి మీద మేం ముగ్గురమే మిగిలాం.

"అమ్మలూ, ఆవిడకు నిజం చెప్పేద్దాం. నేను చెబుతా, నువ్వు ఆ భాషలో చెప్పు," అన్నాను.

"నేను చెప్పను. మొన్న అబద్ధానికి నేనే, ఇవాళ నిజానికీ నేనేనా? నువ్వే చెప్పుకో."

ఆవిడ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. నాకు వచ్చిన జర్మన్ మాటలు ఓ పది ఉంటాయి. అవే కూడబలుక్కున్నాను.

"సమను," అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. "ఇష్... నిష్ట్ ఎస్సెన్. బయోటోన్న."

తినలేదు, చెత్తలో వేశాను. అంతే. తెలుగులో అయితే మా అమ్మనీ, మా కోళ్ళనీ, నా భయాన్నీ అడ్డం పెట్టుకొని అరగంట చెప్పేదాన్ని. ఆ పది మాటల్లో సాకుకు చోటు లేదు.

"వారుమ్?" అంది ఆవిడ. ఎందుకు?

అమ్మాయి వైపు చూశాను. అది గడ్డి పీకుతూ కూర్చుంది. చివరికి తల ఎత్తకుండానే జర్మన్‌లో మెల్లగా ఏదో చెప్పింది. ఆవిడ విని కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. తర్వాత ఒక్క మాట అడిగింది.

"మా ఇంట్లో నీకు భయపడాల్సింది ఏం కనిపించింది, అంటోందమ్మా."

యాపిల్ పళ్ళు, వెల్లుల్లి, గుడ్లు. నా తల వంగిపోయింది.

"ఏమీ లేదని చెప్పు. తప్పు నాదని చెప్పు."

అమ్మాయి చెప్పింది. ఈసారి నా పక్కకు జరిగి, నా మోచెయ్యి పట్టుకొని చెప్పింది.

ఆవిడ తలాడించి, ఫ్లాస్కు మూత తిప్పి, గాజు గ్లాసులో టీ పోసింది. చక్కెర బిళ్ళ పక్కన పెట్టి నా చేతికిచ్చింది. అంతకు ముందు ఎన్నోసార్లు ఇచ్చింది. ఇచ్చి తన పనిలో పడిపోయేది. ఈసారి అలాగే కూర్చుని, నేను తాగేదాకా చూసింది.

కాలుతున్నా ఆగకుండా తాగేశాను.