పలకల షెడ్డులో తొమ్మిదో సంపుటం

మధ్యాహ్నం పన్నెండూ పదికి తర్లుపాడు దగ్గరి పలకల షెడ్డులో ఐదు ఉలులూ ఆగిపోయాయి. ఆపమని ఎవరూ చెప్పలేదు. రమణమ్మ చదువుతున్న పుస్తకమే ఆపింది.

రమణమ్మకు యాభై దాటాయి. రెండేళ్ల కిందట కుడి మణికట్టు విరిగింది. అప్పటి నుంచి సుత్తి పట్టలేకపోతోంది. షెడ్డువాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆమె పైకి చదువుతుంది. మిగతా ఐదుగురు రాయిని పలకలుగా చీలుస్తూ వింటారు, ఆమె వాటా పని కూడా వాళ్లే చేస్తారు. పన్నెండు సంపుటాల కాల్పనిక ఇతిహాసంలో ఎనిమిది అలా పూర్తయ్యాయి. ఎనిమిదో దాంట్లో ఒక్క పట్టాభిషేకమే వంద పేజీలు సాగింది. వినేవాళ్లు విసిగిపోయారు. పలకల పని గురించి వార్త రాయడానికి నేను ఒకసారి వెళ్లిన పరిచయంతో పోయిన నెల ఆమె నాకు ఫోన్ చేసింది. "తొమ్మిదోది వస్తే తెచ్చియ్యన్నా. ఇదన్నా బాగుండాల, లేకుంటే నన్ను ఇంట్లో కూచోమంటారు."

ఉదయం ఏడున్నరకు మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో దిగాను. సంచిలో తొమ్మిదో సంపుటం, రైల్లోనే తొంభై పేజీలు చదివేశాను. ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కితే తర్లుపాడుకు ముప్పై రూపాయలు, ముక్కాలు గంట. "పుస్తకమా అది? ఇటుకరాయి అనుకున్నా సారూ," అన్నాడు డ్రైవరు. తొమ్మిదిన్నరకు షెడ్డు చేరాను. మేస్త్రి కాశయ్య పుస్తకాన్ని చేత్తో తూచి చూశాడు. "ఇది గూడ సాగదీసినాడంటే రేపటి నుంచి ఫోన్‌లో పాటలే వదినా. పని జరగాల." రమణమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మొదలుపెట్టింది.

పన్నెండో అధ్యాయంలో ఏడు రాజ్యాల సేన ఎండిన కొండల్లో దారి తప్పింది. మూడు రోజులుగా నీళ్లు లేవు. సేన వెంట వచ్చిన, గొర్రెలు కాసే మంగిని మొదటి నుంచీ వెక్కిరించిన సేనాధిపతి ఇప్పుడు దిక్కుతోచక ఆగిపోయాడు. దుమ్ము తెర వెనక ఎక్కడో గంట మోగింది.

అంకమ్మ చేతిలో ఉలి ఆగింది. వాళ్లింట్లో గొర్రెల మంద ఉంది. "రమణక్కా, అది రెండో పుస్తకంలో తప్పిపోయిన పొట్టేలు గంట! ఎండాకాలం గదా, అది నీళ్ల కాడికే పోతా ఉంటాది. దాని ఎనకాల పొమ్మను వాళ్లని!"

"నువ్వు చెబితే ఇంటాడా సేనాధిపతి? చదవనియ్యవే," అన్నారెవరో.

రెండు పేజీల తర్వాత మంగి అదే మాట చెప్పింది. సేనాధిపతి గుర్రం దిగి ఆమె వెనక నడిచాడు. అప్పుడే మిగతా ఉలులూ ఆగాయి. రెండో సంపుటంలో ఆ పొట్టేలుకు దక్కింది నాలుగు వాక్యాలు. నేను మరిచిపోయాను, అంకమ్మ మరవలేదు. నా చేతిమీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఇది వర్ణన కాదు, చూసి రాస్తున్నాను.

పని ఆగితే కసురుకునే కాశయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఆ పేజీ ఇంకోసారి చదువు వదినా," అన్నాడు.

ఇన్నేళ్ల విలేకరి పనిలో ఏ వార్తకూ పక్కరోజును మించి ఆయుష్షు ఉంటుందని నేను అనుకోలేదు. ఒక రచయిత నాలుగు వాక్యాలు నాటి, ఏడు సంపుటాలు ఓపిక పట్టాడు. రాళ్లు చీల్చే ఐదుగురు ఆ ఓపికకు సాక్షులయ్యారు. వెళ్లాలనుకునేవారికి ఒక్క సూచన: పుస్తకం ముందే చదివి ఉంటే అక్కడ నోరు మెదపకండి. రేపు ఉదయం తొమ్మిదిన్నరకు పదమూడో అధ్యాయం. చదివేది రమణమ్మే.