చాయ్‌కి రమ్మనే ఓనరమ్మ

అల్వాల్‌లో నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మకు దొంగ ఫోన్‌కాల్స్‌ను గుర్తుపట్టడం నేర్పాను. ముందు నంబరు చూడాలి, తర్వాత లింకు, ఆపైన తొందరపెడుతున్నారేమో గమనించాలి. ఆమె శ్రద్ధగా విని తన పద్ధతే వాడేది. బ్యాంకన్నా, కరెంటాఫీసన్నా ఒకటే జవాబు: "ఫోన్ల ఏం ముచ్చట బిడ్డా, ఇంటికి రా, చాయ్ తాగుకుంట మాట్లాడుదం." అవతలివాళ్లు టక్కున పెట్టేసేవారు.

నాకు కొత్త ఉద్యోగం ఖాయం చేసేముందు, నేనుండేది అక్కడేనా అని కంపెనీ మనిషి ఆమెకు ఫోన్ చేశాడట.

"నీ పేరు జెప్పి అడుగుతుండు, దొంగోడు! చాయ్‌కి రమ్మంటే పెట్టేసిండు" అంది సంబరంగా.

ఉద్యోగం పోయిందనుకున్నాను. సాయంత్రం ఒకాయన కంపెనీ ఫైలుతో గేటు తీసుకుని లోపలికి వచ్చాడు.

ఆయనకు చాయ్ అందిస్తూ ఓనరమ్మ నావైపు తిరిగింది. "అసలోడు గిట్లొస్తడు. జెర నేర్చుకో."