పై మెట్టు

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో పగలంతా ఆసుపత్రి ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చునే హరనాథ్, ఇంటికి రాగానే టై అయినా విప్పకుండా బేస్‌మెంట్‌లోకి దిగేవాడు. అక్కడ గాజుపెట్టెల్లో కార్న్ స్నేక్‌లనే విషంలేని పాములు, ఒక్కొక్కదాని తల్లిదండ్రులెవరో రాసిపెట్టిన అట్టముక్కలు. పాములంటే హడలిపోయే భార్య కామేశ్వరి పై మెట్టు దాటేది కాదు. నాగుల చవితికి మాత్రం ఆ మెట్టు మీద గ్లాసుడు పాలు పెట్టేది. పాములు పాలు తాగవని చెప్పి చెప్పి విసిగి, హరనాథే తాగేసి ఖాళీ గ్లాసు ఇచ్చేవాడు. ఆ పాలల్లో ఎప్పుడూ సరిగ్గా అతనికి నచ్చినంత పంచదార ఉండేది.

పంతొమ్మిది వందల ఎనభై మూడులో, వీపున నిలువు చారలున్న మగపామును మచ్చల ఆడపాముతో జత చేశాడు. పిల్లలన్నీ మచ్చలతోనే పుట్టాయి.

"ఏమండీ, ఒక్కదానికీ తండ్రి పోలిక రాలేదే! మీ జెనెటిక్స్ ఫెయిలైపోయింది," అని పై మెట్టు మీంచి నవ్వింది కామేశ్వరి.

"చార ఎక్కడికీ పోలేదు కామూ, లోపల దాక్కుంది. వీటి పిల్లల్లో నాలుగింట ఒకదానికి బయటపడుతుంది."

"అలా పుడితే కిందకి దిగొచ్చి చూస్తాను, ఒట్టు!"

ఆ పిల్లల్లో ఒక జత ఎదిగి గుడ్లు పెట్టడానికి మూడేళ్లు పట్టింది. రెండో చలికాలంలోనే కామేశ్వరి పోయింది.

మూడో ఏడు ఆగస్టులో ఒక ఆదివారం ఉదయం గుడ్లు చిట్లాయి. అయిదు మచ్చల పిల్లల తర్వాత, మెడ నుంచి తోక దాకా ఎక్కడా తెగని చారలతో పెన్సిలంత పిల్ల బయటికొచ్చింది. హరనాథ్ అట్టముక్క జోలికి పోలేదు. పిల్లను చిన్న డబ్బాలో పెట్టి, మెట్లెక్కి, పై మెట్టు మీద ఉంచి, తను ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"నువ్వు దిగక్కర్లేదులే కామూ," అన్నాడు. "నేనే తెచ్చాను."