ఈశాన్యం మూల

నా చిన్నప్పుడు నాకు తెలిసిన మట్టి ఒక్కటే, బెంగళూరులో మా బాల్కనీ కుండీల్లో ఉండేది. ముట్టుకుంటే అమ్మ చేతులు కడుక్కోమంటుందని తప్ప దాని గురించి ఇంకేమీ తెలియదు. ఇప్పుడు నా ఉద్యోగమే మట్టి. కట్టబోయే చోట బోరు వేయించి, పైకి వచ్చిన మట్టినీ రాతినీ పరీక్షించి, ఇది బంక, ఇది ఇసుక, ఇది మెత్తబడిన రాయి, ఇది గట్టి రాయి అని వేరు చేసి, ఏది ఎంత బరువు మోస్తుందో రాసిస్తాను. రోజుకు మూడు సైట్లు తిరిగేసరికి సాయంత్రానికి మాట్లాడే ఓపిక కూడా మిగలదు. అయినా ఎవడైనా ఫోన్ చేసి, "మేడం, పక్క బోరు రిజల్టే దీనికీ వేసేయండి, ఏముంది" అంటే మాత్రం ఎక్కడ లేని కోపం వస్తుంది. అరిచి ఫోన్ పెట్టేశాక, ఆ కోపంలో సగం నా మీదేనని తెలుస్తుంది. పదేళ్ల వయసులో ఐరాల దగ్గరి పల్లెలో మా తాతయ్యతో గడిపిన రెండు రోజులు గుర్తొస్తాయి.

మా తాతయ్య బావులు తవ్వించే మేస్త్రి. తడిమట్టిని అరచేతుల మధ్య దారంలా పేనేవాడు. తెగకుండా సన్నగా సాగితే బంకమన్ను. సాగకముందే విరిగిపోతే ఇసుక పాలు ఎక్కువ. చిటికెడు మట్టిని పళ్ల మధ్య పెట్టుకుని కరకరలాడుతుందో లేదో చూసి ఉమ్మేసేవాడు. ఇవే పరీక్షలు కాలేజీలో పెద్ద పెద్ద పేర్లు పెట్టుకుని మళ్లీ నాకు ఎదురయ్యాయి. రాయి సంగతికొస్తే అంతా ఆయన చెవులే. సుత్తితో కొడితే ఖణేల్‌మని మోగేది నేలలో పాతుకున్న బండ. దబ్బుమని ఊరుకునేది మట్టి మీద ఊరికే కూర్చున్న గుండు. మా వైపు భూమిలో ఈ గుండ్లు ఎక్కువ. పైనుంచి చూస్తే అచ్చం బండలాగే ఉంటాయి. చుట్టుపక్కల ఎక్కడ రాయి తగిలినా ఆయన్ని పిలిచేవాళ్లు. ఆయన గట్టున కూర్చుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఆయన ఏదంటే అదే.

ఆ వేసవిలో మా అత్త, అంటే తాతయ్య కూతురు, ఇల్లు మొదలుపెట్టింది. అప్పుడామెకు ఐదో నెల. మామా తనూ పొలం పక్కన రేకుల షెడ్డులో ఉండేవాళ్లు. బిడ్డను కొత్తింట్లోకే తెచ్చుకోవాలని ఆమె ఆశ. పునాదికి జ్యేష్ఠంలో చివరి ముహూర్తం దొరికింది. అది తప్పితే ఆషాఢం, నెలంతా ఆగాలి. గుంతలు తవ్వితే నాలుగు మూలల్లోనూ రాయి తగిలిందని అందరూ సంబరపడ్డారు. తాతయ్య మాత్రం ముహూర్తానికి ముందురోజు మధ్యాహ్నం, కూలీలు అన్నాలకు కూర్చున్నప్పుడు, సుత్తి నా చేతికిచ్చి వెంట తీసుకెళ్లాడు. మోకాళ్లు పోయాక ఆయన గుంతలోకి దిగలేకపోయేవాడు. "నువ్వు దిగి కొట్టు పాపా, నేను పైనుంచి ఇంటా" అన్నాడు.

ఎండ మాడ్చేస్తోంది. గట్టు మీద పెట్టిన అమ్మ పాత ఫోన్‌లో నా ఆట సగంలో ఆగి ఉంది. మూడు మూలలు కొట్టాను, మూడూ మోగాయి. నాలుగోది ఈశాన్యం. అక్కడ ఊట నీళ్లు చేరి మడమలు దిగబడే బురద. నాకు విసుగొచ్చింది. తాతయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు. నేను ఉన్నచోటు నుంచి కదలకుండా మూడో మూలనే ఇంకోసారి కొట్టాను.

"రెండూ ఒకే మాదిరి పలికినాయే" అన్నాడాయన.

"రెండూ బండే కదా తాతా, ఒకేలా పలక్క ఇంకెలా పలుకుతాయి!" అని కసిరాను. ఆయన కళ్లు తెరిచాడు. తర్వాత కర్ర పట్టుకుని లేచి, ఇల్లు కట్టే మేస్త్రితో అంతా బండేనని చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే కాంక్రీటు కలిపే మిషను మోత మొదలైంది. ముందు ఈశాన్యంలో పాలు పోసి నవధాన్యాలు పెట్టాలి. కడుపుతో ఉన్న అత్త దిగకూడదన్నారు. "మా పాప దిగుతాది, నిన్న రాయిని సూసింది అదే కదా" అన్నాడు తాతయ్య. అనుమానంతో అన్నాడో, ముద్దుకొద్దీ అన్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

నీళ్లు తోడేశారు. కాళ్ల కింద నేను కొట్టని రాయి. పైనుంచి అత్త వంగి, "మెల్లిగా పెట్టు తల్లీ, నా బిడ్డకి ఊయల కట్టేది ఈడే" అని నవ్వింది. నేను పళ్లెం కింద పెట్టలేదు. గట్టు అంచున ఉన్న తాతయ్యకు మాత్రమే వినపడేలా, "తాతా, ఇది నేను కొట్టలేదు" అన్నాను.

ఆయన చెయ్యెత్తి మిషను ఆపించాడు. ఎవరినో సుత్తితో కొట్టమన్నాడు. దబ్బుమంది. అక్కడున్న వాళ్లందరికీ వినపడింది.

"ఏంది పెద్దాయనా, నిన్న బండంటివి, ఇప్పుడు గుండంటావా? రాత్రికి రాత్రి మారిపోయిందా యేంది!" అన్నాడు మేస్త్రి. కూలీలు నవ్వారు. అత్త నవ్వలేదు. "నాయనా, నిన్న నువ్వు సరిగా ఇన్లేదా?" అని అడిగింది. నేను నోరు తెరిచాను. తాతయ్య వంగి నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు.

"ఇన్నానమ్మా. నా చెవులే పాడైనాయి" అన్నాడు.

గడ్డపారలు పెట్టి కదిలిస్తే అది దూడంత గుండు. దాని కింద, పిడికిట పిసికితే వేళ్ల సందుల్లోంచి జారిపోయే బంకమన్ను. ఆ మూల దిగబడితే మిగతా మూడు మూలలు ఎంత గట్టివైనా గోడలు నిలువునా చీలేవి. గుండును పగలగొట్టి తీసి, గట్టి నేల దాకా తవ్వేసరికి పొద్దు వాలింది. అంటే ముందురోజు మధ్యాహ్నం నేను నిజం చెప్పి ఉంటే, రాత్రి దీపాలు పెట్టుకునైనా తెల్లారేసరికి పని అయిపోయేది. ముహూర్తం నిలిచేది.

ఆ సాయంత్రం ఏడుస్తూ ఆయన దగ్గరికి వెళ్లాను. తిట్టలేదు. "నీ మాట మింద ఇల్లు కట్టబోయినారు పాపా" అన్నాడు, అంతే.

శ్రావణంలో మళ్లీ మొదలుపెట్టిన ఇంటికి కాన్పు నాటికి కప్పు పడలేదు. అత్త బిడ్డను షెడ్డులోకే తెచ్చుకుంది. కార్తీకం వానలకు రేకుల సందుల్లోంచి నీళ్లు కారుతుంటే, ఊయలను ఆ పక్కకూ ఈ పక్కకూ జరుపుకుంటూ కూర్చునేదట. పెద్దాయనకు ఇనపడదంట అన్న మాట ఊళ్లు దాటింది. రాయి తగిలితే ఆయన్ని పిలవడం మానేశారు. ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. ఒక్కరితోనూ అసలు సంగతి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అత్త ఇల్లు ఇప్పటికీ గీత పడకుండా నిలబడి ఉంది. చుట్టాలు కలిసినప్పుడల్లా ఆ షెడ్డు వానల కథ చెప్పి, మా నాయన చెవుడు వల్లే అని ముగిస్తుంది. నేను తల వంచుకుని ఫోన్ చూసుకుంటాను. అలసిపోయి కళ్లు మూతలు పడుతున్నా, కళ్లారా చూడని మట్టి రిపోర్టు కింద ఇప్పటిదాకా ఒక్క సంతకమూ పెట్టలేదు. దాంతో ఆ తప్పు తీరిపోతుందని కొన్నాళ్లు అనుకున్నాను. తీరలేదు. ఆమెకు మెసేజ్ టైపు చేసి ఎన్నోసార్లు చెరిపేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అత్తా, తాతయ్యకు చెవుడు లేదు. నేను ఆ రాయిని కొట్టలేదు.