జరీనక్క చెవి పెట్టిన మిషను

మొన్న బెంగళూరులో పిల్లవాణ్ణి ఆటలాడించడానికి ఒక మాల్‌కు తీసుకెళ్లాను. వెనకనుంచి ‘టక్’మని చప్పుడు. ఇనుప గుండును రెక్క ఎగరగొట్టిన చప్పుడది. కాళ్లు ఆగిపోయాయి. హిందూపురం ఇండస్ట్రియల్ ఏరియాలో ఏళ్ల తరబడి ఆ పిన్‌బాల్ మిషన్లు బిగించినదాన్ని నేను. ఏటవాలు బల్ల, గాజు కింద దొర్లే గుండు, అది జారిపోకుండా కొట్టే రెండు రెక్కలు. అంతే. ఆ పని నాకు నేర్పింది మా సూపర్‌వైజర్ జరీనక్క.

బిగించిన ప్రతి మిషనుకూ చెంప ఆనించి, కళ్లు మూసుకుని, గుండు వదలమనేది. “కండ్లకు అన్నీ బాగానే కనపడతాయమ్మే. చెవి పెట్టి విను” అనేది. ఏమాత్రం తేడా ఉన్నా మొత్తం విప్పించేది. నాకు ఒళ్లు మండేది. మా ఊరికెళ్లే పరిగి బస్సు తప్పిపోయేది మరి.

ఒకరోజు మేనేజర్ అందరినీ పిలిచి, ఖర్చు తగ్గించుకోవడానికి ఫ్యాక్టరీని వియత్నాంకు మారుస్తున్నారని చెప్పాడు. పని నేర్చుకోవడానికి అక్కడినుంచి లిన్ అనే అమ్మాయి వచ్చింది. ఆ పిల్ల సొంతంగా బిగించిన మిషను పరీక్షలో నెగ్గితే మా షెడ్డుకు తాళం. లేదంటే ఇంకో ఏడాది ఇక్కడే. నేర్పాల్సింది జరీనక్క. ఏదీ దాచుకోకుండా నేర్పుతుంటే చూసి నా కడుపు రగిలిపోయింది.

పరీక్ష రోజు, అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు, నేనొక్కదాన్నే ఆగిపోయి లిన్ మిషనులో ఒక రెక్క స్క్రూ వదులు చేశాను. కంటికి తెలియదు. నాలుగు ఆటలయ్యేసరికి జారిపోతుంది.

మేనేజర్ ముందు జరీనక్క చెంప ఆనించింది. లిన్ గుండు వదిలింది. మళ్లీ వదిలింది. అక్క కళ్లు తెరిచి నేరుగా నన్నే చూసింది.

“ఏమైంది?” అన్నాడు మేనేజర్.

“ఒక్క నిమిషం సార్. స్క్రూ వదులుగా ఉండాది.”

తనే గాజు తీసి బిగించింది. ఇంకోసారి విని, కాగితం మీద సంతకం పెట్టింది.

గేటు దగ్గర నిలదీశాను. “మా కడుపు మీద కొట్టినావు కదక్కా. గమ్మున ఉండింటే నీకేం పోయేది?”

“నా పనీ పాయ కదమ్మే” అంది. “పొద్దున ఇదే మిషను విన్న్యా. ఆ పిల్ల బాగా బిగిచ్చింది. బాగలేదని నేనెట్ల చెప్పేది? నీ పేరు చెప్పలే. చాలదా?”

ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. షెడ్డు మూతపడింది. నేనిప్పుడు పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల చెకింగ్‌లో ఉన్నాను. జరీనక్క ధర్మవరంలో కూతురింట్లో చనిపోయిందని ఆలస్యంగా తెలిసింది. గంటన్నర దూరం. ఒక్కసారి వెళ్లి తప్పయిందని చెప్పి ఉండాల్సింది. సిగ్గేసి పోలేదు.

మాల్‌లో ఆ మిషనుకు చెంప ఆనించాను. “ఏం చేస్తాండావమ్మా, అందరూ చూస్తాండారు” అన్నాడు నా కొడుకు. గుండు వదలమన్నాను. ఒక రెక్క వదులుగా ఉంది. అక్కడ పనిచేసే అతన్ని పిలిచి, గాజు తీయించి, స్క్రూ బిగించేదాకా అక్కడినుంచి కదలలేదు.