పిల్లికి జవాబు చెప్పిన మాస్టారు

మా కింది వాటా మాస్టారు పోయారన్న కబురు ఓనరమ్మ నాకు ఫోన్లో చెప్పింది. "సారు పోయిండు బిడ్డా. పొద్దుగాల కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు," అని, "పిల్లి మాత్రం ఏడ్వలే. గోడ మీద పండుకునే ఉన్నది," అంది. ఒకప్పుడు ఆ పిల్లి ఏడిస్తే ఇంట్లో ఎవరో ఒకరు పోతారని దాన్ని గోనెసంచిలో కట్టి పంపబోయిన మనిషి, ఆ పూట దాని తరఫున సాక్ష్యం చెబుతోంది. ఆఫీసులో అందరి ముందూ నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాను.

మాస్టారి వృత్తి చెబితే చాలామంది నమ్మరు. ఫిలింనగర్‌లో నటులున్నారు, నటులకు గొంతు ఇచ్చేవాళ్లున్నారు. మాస్టారు జంతువులకు గొంతు ఇచ్చేవారు. తెర మీద పిల్లి, కుక్క, నక్క, అప్పుడే పుట్టిన పసిపాప, ఎవరు నోరు తెరిచినా డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడేది ఆయనే. మా ఐటీ కంపెనీలు ఊరి పొలిమేర కొండల మీదికి ఎక్కే కాలానికి ఆ అరుపులు కంప్యూటర్లలోకి ఎక్కిపోయాయి. "ఇప్పుడు నా పిల్లి డిస్కులో ఉంటుందమ్మా. నేను శ్రీనగర్ కాలనీలో వాకింగ్ చేస్తుంటాను," అనేవారు. ఆ మాటలో ఎంత వెతికినా ఏడుపు దొరికేది కాదు.

నేను పై వాటాలో దిగినప్పుడు నాది అమెరికా వేళల ఉద్యోగం. పగలు పడుకోవాలి. సరిగ్గా నేను కన్ను మూసే వేళకు కింద పిల్లి ఏడుపు మొదలయ్యేది. అదీ మామూలుగా కాదు, కడుపులోంచి, దీర్ఘాలు తీస్తూ. మాస్టారు సాధన చేసుకుంటున్నారు కాబోలనుకుని, కళాకారుడు కదా అని రెండు వారాలు ఓర్చుకున్నాను. మూడో వారం వెళ్లి, మధ్యాహ్నం పూట కాస్త గొంతు తగ్గించమని బతిమాలాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నేను పిల్లి చేసి ఆర్నెల్లయిందమ్మా. ఈమధ్య వస్తే గిస్తే కుక్కలే వస్తున్నాయి," అన్నారు. ఆయనేమో ఆ ఏడుపు నా టీవీలోంచి వస్తోందని, ఏదో పాత సినిమాలో తన గొంతేనని ఇన్నాళ్లూ మురిసిపోతున్నారట.

అంతలో మళ్లీ ఏడుపు. ఇద్దరం మెట్ల దగ్గరికి వెళ్లి చూస్తే, పెరటి గోడ మీద తిరిగే బూడిదరంగు పిల్లి. నోట్లో నా మేజోడు. నోటినిండా గుడ్డ కుక్కుకుని ఏడిస్తే ఎవరి గొంతుకైనా అంత విషాదం వస్తుంది.

ఓనరమ్మది షేక్‌పేట. పిల్లి ఏడుపు అశుభమని ఆమెకు గట్టి నమ్మకం. అందులోనూ ఆమె భర్తకు మోకాలి ఆపరేషన్ దగ్గరపడింది. శుక్రవారంలోగా పిల్లిని సంచిలో కట్టించి ఎర్రగడ్డ మార్కెట్ దగ్గర వదిలేయిస్తానంది. "సిన్మాల సూడలేదా సారూ? పిల్లి ఏడ్సినంక ఎవరో ఒకరు పోతరు." మాస్టారు చేతులు కట్టుకుని, "ఆ సినిమాల్లో ఏడ్చింది నేనేనండీ," అన్నారు. అని ఊరుకోకుండా ఏడ్చి చూపించారు. ఓనరమ్మ ఆంజనేయస్వామిని తలుచుకుంటూ లోపలికి పోయింది. గడువు మాత్రం మారలేదు.

ఆ రోజు ఆయన ముఖం చిన్నబోయింది. ఊళ్లో జనానికి పిల్లి ఏడుపంటే దడ పుట్టించినవాళ్లలో తానూ ఒకణ్నని, ఇది సంచిలో పోతే ఆ పాపం తనకే చుట్టుకుంటుందని అన్నారు.

మర్నాటి నుంచి మూడు మధ్యాహ్నాలు టీ గ్లాసుతో మెట్ల మీద కూర్చున్నారు. నిద్ర మానుకుని నేనూ కూర్చున్నాను. పిల్లి ఒకసారి అంట్లగుడ్డ తెచ్చింది, ఒకసారి నా రెండో మేజోడు తెచ్చింది. ఏదో ఒక గుమ్మం ముందు పెట్టి, ఎవరూ పలకకపోతే మళ్లీ నోట కరుచుకుని ఏడుస్తూ ఇంకో గుమ్మానికి పోయేది. మాస్టారు గొంతు సవరించుకుని దాని భాషలోనే పలకరించారు. అది మేజోడు వదిలేసి, తోక సీసాలు కడిగే బ్రష్షంత చేసుకుని, నీళ్ల ట్యాంకు వెనక్కి దూకింది. "ముప్పై ఏళ్లు నిర్మాతల్ని మోసం చేశాను. దీన్ని చెయ్యలేకపోయాను," అంటూ ఆ సాయంత్రమంతా నవ్వుకున్నారు.

మూడో రోజు మామూలు మనిషిలాగే, "ఆఁ, చూశానమ్మా, చాలా బాగుంది," అన్నారు. ఏడుపు ఠక్కున ఆగింది. పిల్లి మేజోడు ఆయన కాళ్ల దగ్గర వదిలి ఒళ్లు నాక్కుంటూ కూర్చుంది. "అది ఏడవడం లేదమ్మా, అన్నానికి పిలుస్తోంది," అన్నారు మాస్టారు. "దాని పిల్లలు పెద్దవై ఎటో పోయాయి. వేట తెచ్చి పిలిచే అలవాటు మాత్రం పోలేదు. మనకు వేట రాదని దానికి తెలుసు." అది శాస్త్రమో కాదో నాకు తెలియదు. జవాబు చెప్పిన ప్రతిసారీ అది ఊరుకుంది, అంతవరకు నేను చూశాను.

శుక్రవారం ఓనరమ్మ సంచి తెచ్చింది. మాస్టారు చెప్పిందంతా విని, పిల్లితో ముచ్చట్లు పెట్టడానికి తనకేం పిచ్చి పట్టలేదంది. ఇంతలో పిల్లి వరండాలోకి వచ్చి, నాలుగు రోజులుగా కనబడని మోకాలి పట్టీని ఆమె భర్త కాళ్ల ముందు పెట్టి ఏడుపు అందుకుంది. "నాకేనా? మంచిగున్నది తియ్," అన్నాడాయన. ఏడుపు ఆగింది. ఓనరమ్మ సంచి మడిచి చంకలో పెట్టుకుని, పట్టీ దొరికింది కాబట్టి ఈసారికి ఉండనిస్తున్నానంది. ఆపరేషన్ కూడా చక్కగా జరిగింది. ఆ తర్వాత రెండేళ్లు పిల్లికి జవాబు చెప్పే పని మాస్టారిదే.

ఎవరు ఏడ్చినా ముందు వాళ్లు ఏం తెచ్చారో చూడాలని ఆయన అనేవారు. రాత్రీ పగలూ కూర్చుని చేసిన నా ప్రాజెక్టును కంపెనీ పక్కన పడేసిన రోజు, నేను ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. "ఏదీ, చూపించు," అన్నారు. రిపోర్టు ఇచ్చాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్లజోడు పెట్టుకుని పేజీలన్నీ తిప్పి, చాలా బాగుందమ్మా అన్నారు. నా ఏడుపూ ఠక్కున ఆగింది. అలా అనే మనిషి ఇక కింద లేరన్నదే నా దిగులు.

మొన్న మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి మాస్టారి వాటాకు వేసిన తాళం ముందు పిల్లి ఏడుస్తోంది. నోట్లో చేతిరుమాలు, గుమ్మంలో అప్పటికే రెండు మేజోళ్లు. ఓనరమ్మ మెట్టు మీద కూలబడి, తడిసిన ఆ గుడ్డలను ఒక్కొక్కటే తీసి ఒళ్లో పెట్టుకుంటోంది. నేను వచ్చింది చూసుకోలేదు.

"సారు లేడే తల్లీ," అంటోంది దానితో. "నాకియ్యి. నేను తింట."