ఫోన్లోంచి అడిగిన బోణీ బేరం

ఆవిడ మొదటి ఇంటర్వ్యూ పోవడానికి కారణం బాగా చదవడం.

ఆవిడంటే నా విద్యార్థి. తైవాన్‌లో ఒక రేవు పట్టణం, అక్కడ చిన్న హోటల్లో వంట చేస్తుంది, నలభై దాటాయి. నేను విశాఖలో మా మేడమెట్ల మీద కూర్చుని ఒక యాప్ ద్వారా చైనీస్ మాట్లాడేవాళ్లకు ఇంగ్లీషు చెబుతాను. మెట్ల మీదే ఎందుకంటే, ఇంట్లో సిగ్నల్ అక్కడ ఒక్కచోటే దొరుకుతుంది. సరుకు ఓడలో వంట ఉద్యోగం కోసం వీడియోలో ఆవిణ్ని ఇంటర్వ్యూ చేశారు. "చేప ఫ్రెష్‌గా ఉందని ఎలా తెలుసుకుంటారు?" అని అడిగారు. ఆవిడ ఫ్రెష్ అనే విశేషణానికున్న ఏడు అర్థాలూ వరస తప్పకుండా అప్పజెప్పింది. తాజా కూరలు, ఉప్పులేని నీళ్లు, అప్పుడే కాలేజీ దాటినవాడు, చల్లగాలి, ఆరని రంగు, అలా. ఆ ఏడూ నేర్పిన మహానుభావుణ్ని నేనే. అడిగినాయన ఓపిగ్గా విని, థాంక్యూ చెప్పి ఫోన్ పెట్టేశాడట.

అయినా ఇంకోసారి మాట్లాడతామన్నారు. గురువారం. అదే ఆఖరిది. ఈసారి పోతే ఆ హోటల్లోనే నూడుల్స్ ఉడకబెడుతూ రిటైరవుతానని ఆవిడ చెప్పింది, ఏడవకుండా, వాతావరణం గురించి చెబుతున్నట్టు.

సోమవారం క్లాసులో మళ్లీ ఆ మాటే పట్టుకున్నాం. ఉప్పులేని నీళ్లను వాళ్లు 'చప్పని నీళ్లు' అంటారట. తాజాదనానికి రాసే అక్షరాన్ని కాగితం మీద గీసి కెమెరాకి చూపించింది. అందులో ఎడమవైపు చేప, కుడివైపు గొర్రె. అదే అక్షరం కమ్మటి రుచిని కూడా చెబుతుందట. చేపనీ గొర్రెనీ పక్కపక్కన పెడితే మా ఇళ్లలో పెళ్లి అని అర్థం.

"మీ భాషలో ఏమంటారు టీచర్?" అంది.

తాజా అంటాం. కానీ మా అమ్మ నోట ఆ మాట ఎప్పుడైనా విన్నానా? అమ్మ చేపలే అమ్ముతుంది. తెల్లారకముందే హార్బర్‌లో వేలంపాటలో కొని, మద్దిలపాలెం బస్ డిపో పక్క సందులో తట్ట దించుతుంది. ఎండు చేప, పచ్చి చేప అంటుంది. అంతకుమించి గుర్తు రాలేదు. ఇదేదో తేల్చుకోవాలనిపించి, బుధవారం క్లాసు అమ్మ తట్ట దగ్గరే పెట్టాను. మనకి ఏడు, వాళ్లకి తొమ్మిదిన్నర.

"ఏటిరా, పొద్దున్నే ఫోనట్టుకొచ్చేసినావు? ఇంకా బోణీ అవలేదు," అంది అమ్మ.

"నా దగ్గర సదువుకుంటందమ్మా ఈవిడ. నిన్నొక మాట అడుగుతాదంట."

ఫోన్లోంచి ఆవిడ నమస్కారం పెట్టి అడిగింది. నేను తెలుగు చేశాను.

"సేపలు తాజావేనా అంటంది."

పక్క తట్ట పిన్ని "ఓలమ్మ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వెలిగింది నాకు. బోణీ కాకముందు తట్ట దగ్గరకొచ్చి అడిగినవాళ్లు కొనకుండా పోకూడదు. పోతే ఆ రోజు బేరాలన్నీ అలాగే పోతాయి. పైగా మావాళ్లలో తాజావేనా అని మొహాన ఎవరూ అడగరు. మొప్ప ఎత్తి చూసుకుంటారు, అంతే. పుట్టినప్పటినుంచీ ఆ తట్ట పక్కనే పెరిగినవాణ్ని, ఎమ్మే ఇంగ్లీషు చేశాక మర్చిపోయాను.

"అడిగిందా నేదా? అడిగితే కొనాల," అంది అమ్మ.

"సముద్రం అవతలుందమ్మా ఆవిడ."

"ఉంటే నాకేటి? నువ్విక్కడే ఉన్నావు గదా."

"ఆవిడకి కోపం వచ్చిందా?" అంది విద్యార్థి.

"లేదు, మామూలుగా మాట్లాడుతోంది," అని సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా వీధిలోనూ మొదటి బేరం అంతే. కొంటాను. చేతులు మీవి, కళ్లు నావి. ఆ పైనున్నది తీయండి."

కానాగంత చేప ఒకటి తీశాను.

"దగ్గరగా. కన్ను నిండుగా ఉంది. మొప్ప ఎత్తండి. ఎరుపు, మంచిది. పొట్ట నొక్కి వేలు తీయండి. గుంట పడిందా?"

"లేదు."

"వాసన చూడండి."

డిపోలోంచి బస్సులు వస్తున్నాయి. కిటికీల్లో జనం. నేను చేపని ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడ్డాను.

"చేప వాసన," అన్నాను.

"ఎలాంటి చేప వాసన?"

నా ఎమ్మేని పక్కనపెట్టి అమ్మనడిగాను.

"సముద్రం వాసనొత్తాది. సేప వాసనొత్తే అది నిన్నటి సేప," అంది అమ్మ.

అది ఇంగ్లీషులో చెబితే ఆవిడ తల గట్టిగా ఊపి రాసుకుంది. తర్వాత, "ఆ కిందది తీయండి," అంది. తీశాను. "ఇది వద్దు. కన్ను లోపలికి పోయింది. నిన్నటిది."

ఇది ఎలా తెలుగు చేయాలి?

"అమ్మా, ఇది కొంచెం..."

"కొంచెమేటి?"

"నిన్నటిదంట."

తుపాను హెచ్చరిక జెండా ఎగరేయడమే మిగిలిందనుకున్నాను. అమ్మ ఆ చేపని అందుకుని, మొప్ప ఎత్తి చూసి, వెనక సంచిలో పడేసింది.

"ఐసులో ఉండిపోనాది, నాను సూసుకోనేదు," అని ఫోన్ వైపు వంగింది. "నీ కళ్లు మండ, ఫోన్లోంచే పట్టీసినావేటే తల్లీ!"

పక్క తట్ట పిన్ని తన చేపల మీద గోనె కప్పేసుకుంది.

బోణీ నా జేబులోంచి అయింది. కన్నకొడుకని అమ్మ ఒక్క రూపాయి తగ్గించలేదు.

"చేపలు చూసినంతసేపూ ఫ్రెష్ అనే మాట మీరు ఒక్కసారి కూడా వాడలేదు, గమనించారా?" అన్నాను ఆవిడతో. "రేపు అర్థాలు చెప్పకండి. ఇదే చెప్పండి."

"చేతిలో చేప లేకుండా ఎలా చెప్పను టీచర్?"

ధైర్యంగా ఉండండి అన్నాను. ఏమీ తోచనప్పుడు టీచర్లు అనే మాట అది.

గురువారం సాయంత్రం మెసేజ్ వచ్చింది. వాళ్లు మళ్లీ అదే అడిగారట. ఆవిడ, "మీ ఇంట్లో చేప ఉంటే తెచ్చి చూపించండి, చెబుతాను," అందట. అడిగినాయన లేచి వెళ్లి ఫ్రిజ్‌లోంచి ఒకటి తెచ్చాడు. ఆవిడ మొప్ప ఎత్తించింది, పొట్ట నొక్కించింది, వాసన చూడమంది. "నాలుగు రోజులైంది, ఈ రాత్రి తినకండి," అని చెప్పింది. ఆయన లోపలికి కేకేసి భార్యని అడిగి వచ్చాడు. వచ్చే నెల పదో తారీకున ఓడ ఎక్కమన్నారు.

అమ్మకి చెప్పాను. "మరి నీ కాడ సదువు?" అంది. ఓడలో నెట్ రాదు, మిగిలిన క్లాసులన్నీ ఆవిడ రద్దు చేసింది. కారణం ఎంచుకోమని యాప్ అడిగితే 'నేర్చుకోవాల్సింది నేర్చుకున్నాను' అన్నదాని మీద నొక్కిందట. ఆ వెంటనే యాప్ నాకో మెసేజ్ పంపింది: మీరు ఒక విద్యార్థిని కోల్పోయారు, బోధన మెరుగుపరుచుకోవడానికి ఈ చిట్కాలు చదవండి.

చదివాను. మొదటిది, పాఠం నిశ్శబ్దంగా ఉన్నచోట చెప్పాలట.